దారం కింద రెండు వైర్లు

ఇన్నేళ్లుగా ఒకే ప్రశ్న అడుగుతున్నాను. ఇంతవరకు ఒక్కరూ జవాబు చెప్పలేదు. ఎదురుపడి అడిగితే టీ తాగుతావా అన్నారు. పెళ్లి భోజనాల దగ్గర అడిగితే ఇప్పుడు ఇక్కడెందుకన్నారు. ఫోన్ చేస్తే సరిగ్గా వినిపించడం లేదన్నారు, ఆ ముందు మాట దాకా చక్కగా వినిపించినవాళ్లే. మా ఇంట్లో కూడా నేను ఆ సంగతి ఎత్తగానే టీవీ సౌండు పెరుగుతుంది. అందుకని రాస్తున్నాను. రాసేటప్పుడైనా మధ్యలో ఎవరూ ఆపరు.

రాయ్‌పూర్ కొత్తగా రాజధాని అయిన రోజులవి. ఊరి బయట సిల్తారాలో ఒక స్పాంజ్ ఐరన్ ఫ్యాక్టరీలో, టైమ్ ఆఫీసులో పనిచేసేవాణ్ణి. అంటే కార్మికుల హాజరు చూసే కిటికీ వెనక కూర్చోవడం. ఆ కిటికీ దగ్గర పొద్దుట్నించి సాయంత్రం దాకా నాతో గొడవ పెట్టుకోని మనిషి లేడు. నాన్న రైల్వేలో చేసి రిటైరయ్యారు, నన్ను ఆ కిటికీ వెనక చూసినప్పుడల్లా మొహం పక్కకి తిప్పుకునేవారు. నాకు కంప్యూటరు పని కావాలి. పుస్తకాలు చదివి, పాత మెషిన్లు విప్పి బిగించి, ఎవరూ చెప్పకుండానే నేర్చుకున్నాను. ఆ కిటికీ నుంచి బయటపడే దారి నాకు అదొక్కటే కనిపించింది.

ఫ్యాక్టరీ గేటు పక్కన కాంటా ఉండేది. లారీ లారీగా ఎక్కి నిలబడే తూకం. పక్కనే చిన్న గది, అందులో ఒక పాత కంప్యూటరు. లారీ బరువు చూపించే డబ్బా నుంచి ఒక వైరు వచ్చి ఆ కంప్యూటరు వెనక తగులుకునేది. లారీ ఆగి తూకం నిలకడకు రాగానే అంకె ఆ వైరు గుండా లోపలికి పోయేది, స్లిప్పు అచ్చయ్యేది. స్లిప్పు లేకుండా సరుకు లారీ గేటు దాటకూడదు. చేత్తో రాసే స్లిప్పులను జీఎమ్ సాబ్ అంతకుముందే మాన్పించారు. ఎందుకు మాన్పించారో అందరికీ తెలుసు, పైకి ఎవరూ అనేవారు కాదు.

ఆ కాంటాకు ఇన్‌చార్జి మా వాడే. అంటే మా తెలుగువాడు, శ్రీకాకుళం వైపు మనిషి, రైల్వే కాలనీలో మా నాన్నకు స్నేహితుడు. చుట్టరికం లేకపోయినా చిన్నప్పటి నుంచి మావయ్యా అనే పిలిచేవాణ్ణి. ఆయన నన్ను అల్లుడూ అనేవారు. చేతిరాత స్లిప్పులు పోయాక ఆయన మాటకు గేటు దగ్గర పూర్వపు బరువు లేదు. డ్రైవర్లు ఆయనకు దణ్ణం పెట్టడం మానేసి ప్రింటరు వైపు చూడటం మొదలుపెట్టారు. ఇది ఆయనకు నచ్చలేదు. నచ్చలేదని నేను ఊహించి చెప్పడం లేదు, ఆయనే నాతో అన్నారు.

ఆ కంప్యూటరు వైరస్ పట్టి తరచూ బిగుసుకుపోయేది. అందులోని పాత సిస్టమ్ తీసేసి, వైరస్ పట్టని యూనిక్స్ ఎక్కిద్దామని నేనే జీఎమ్ సాబ్ దగ్గరికి వెళ్లాను. కంప్యూటరు పత్రికతో వచ్చిన సీడీ నా దగ్గర ఉంది. లారీ నంబరు, బరువు చూపించే తెర నేనే తయారు చేశాను. మావయ్యకు టైపు చేయడం రాదు కాబట్టి తెర మీద పెద్ద పెద్ద గడులు పెట్టాను. మౌస్‌తో నొక్కితే చాలు, స్లిప్పు వస్తుంది. జీఎమ్ సాబ్ విని, ఒక్క అవకాశం ఇస్తానన్నారు. విశ్వకర్మ పూజ మర్నాడు పొద్దున మొదలుపెట్టాలి. సాయంత్రం షిఫ్టు మారేలోపు కాంటా నడవాలి. నడిస్తే కొత్తగా కడుతున్న రెండో యూనిట్‌లో కంప్యూటర్లన్నీ నా చేతికి. నడవకపోతే పాతదే మళ్లీ ఎక్కిస్తారు, నేను ఇక కిటికీ దాటి రాకూడదు.

నేను తొందరపడే మనిషిని కాను. ముందు వారం సెలవు రోజున అదే మెషిన్‌లో వేరే డిస్కు పెట్టి మొత్తం ఒకసారి చేసి చూసుకున్నాను. మెషిన్ వెనక ఒకేలాంటి పోర్టులు రెండు ఉండేవి. మొదటిదానికి మౌస్, రెండోదానికి తూకం వైరు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు మౌస్ ఎక్కడుందని అడిగితే మొదటి పోర్టు అని చెప్పాను. బాణం గుర్తు తెర మీద చక్కగా తిరిగింది. మావయ్య కూడా నా భుజం మీదుగా చూశారు. "బానే ఉందిరా" అన్నారు. ఈ మాట గుర్తుంచుకోండి.

విశ్వకర్మ పూజ అంటే మా దగ్గర పెద్ద పండగ. ఆ రోజు ఏ మెషినూ నడవదు. ముందు అన్నిటినీ తుడిచి కడుగుతారు, తర్వాత నూనెలో కలిపిన సిందూరం బొట్టు పెట్టి, ఎర్ర దారం చుడతారు. ఆ దారం మళ్లీ ఏడాది పూజ దాకా విప్పకూడదు. క్రేన్‌కైనా, గ్రైండర్‌కైనా, టైప్‌మిషన్‌కైనా అదే పద్ధతి. అంతకుముందు ఏడాది గ్రైండర్ దగ్గర పనిచేసే ఒకతను దారం అడ్డొస్తోందని తెంపేశాడు. ఆ తర్వాత అతని వేలు తెగింది. చక్రం మీది గార్డు మూత బిగించకుండా నడిపినందుకు తెగింది, కానీ దారం సంగతే అందరి నోటా నిలిచింది.

ఆ పూజకు కాంటా గదికి నన్ను పిలవలేదు. వచ్చిన పెద్దల కార్లు ఎక్కడ పెట్టాలో చూడమని గేటు బయట నిలబెట్టారు. మర్నాడు నేను పనిచేయబోయే మెషిన్‌కి పూజ జరుగుతోంది, నేను బయట ఎండలో కార్లకు చేతులు ఊపుతున్నాను. ప్రసాదం కూడా అందరూ తిన్నాక, నలిగిన బూందీ, కాగితంలో చుట్టి పంపారు. ఇది చిన్న విషయమని మీరనుకోవచ్చు. ఆ రోజు ఆ గదిలో ఎవరు ఏం చేశారో నేను చూడకపోవడానికి కారణం ఇదే కనుక రాస్తున్నాను.

మర్నాడు పొద్దున్నే సీడీ పెట్టాను. అంతా బాగానే సాగింది. మౌస్ ఎక్కడుందని అడిగింది. మొదటి పోర్టు అన్నాను. తెర మారింది, మధ్యలో బాణం గుర్తు వచ్చింది. మౌస్ కదిపాను. బాణం కదల్లేదు.

మళ్లీ కదిపాను. బల్ల మీద అటూ ఇటూ రుద్దాను. మౌస్‌ని తిరగేసి మూత విప్పి, లోపలి బంతి బయటికి తీశాను. సిల్తారాలో ఇనుప దుమ్ము పట్టని వస్తువు లేదు. లోపలి చిన్న రోలర్ల మీద నల్లటి పొర గట్టిపడి ఉంది. దాన్ని గోటితో గీకి, స్పిరిట్‌తో తుడిచి, బంతి పెట్టి మూశాను. బాణం కదల్లేదు. మౌస్ రకం మార్చి చూశాను. మెషిన్ ఆపి మళ్లీ మొదటి నుంచి చేశాను. బాణం అక్కడే, గోడకు కొట్టిన మేకులా.

ఈలోగా గేటు దగ్గర లారీలు ఆగడం మొదలైంది. సరుకు నింపుకున్న లారీలు కాంటా ఎక్కకుండానే లోపల వరసలో ఇరుక్కున్నాయి. వాటి వెనక ఇంకొన్ని. హారన్లు మొదలయ్యాయి. ఒక డ్రైవరు కిటికీలోంచి తల పెట్టి, "కా హోగే బాబూ? అవు కతకా బేర్ లాగహీ?" అన్నాడు. ఏమైంది, ఇంకా ఎంతసేపని. అతను నన్ను కాదు, మావయ్యనే అడిగాడు.

మావయ్య కుర్చీలో వెనక్కి వాలి కూర్చున్నారు. "ఏటల్లుడూ, నీ ఎలక ఇంకా లెగలేదేటి?"

"చూస్తున్నాను మావయ్యా."

"సూడు సూడు. నానైతే ఈపాటికి ఇరవై లారీలకి సిట్టీలు రాసి పంపేద్దును."

మౌసే పాడైందేమో చూద్దామని అకౌంట్స్ గదికి వెళ్లి ఇంకో మౌస్ అడిగాను. వాళ్లు ఇచ్చేముందు మూడు రకాలుగా నవ్వారు. తెచ్చాను. మార్చాలంటే పాతదాని ప్లగ్గు పీకాలి. బల్ల కింద దూరి, మెషిన్ వెనక్కి చూశాను.

అక్కడ ప్లగ్గులు కనిపించలేదు. ఎర్ర దారం కనిపించింది. రెండు ప్లగ్గులకూ కలిపి, వాటి వైర్లకు కూడా జానెడు పొడవున, వరస మీద వరసగా చుట్టేశారు. దాని మీద సిందూరం ఎండి గట్టిగా అట్ట కట్టింది. అందులో బియ్యపు గింజలు అంటుకుని ఉన్నాయి. ఏ వైరు ఏ పోర్టులోకి పోతోందో తెలియడం లేదు.

బయటికి వచ్చి అన్నాను. "మావయ్యా, ఆ దారం ఒక్కసారి విప్పాలి."

ఆయన కుర్చీ ముందుకు పడింది. "ఏటీ? దారమిప్పుతావా? పిచ్చెక్కిందేట్రా? నిన్న కదా కట్టినారు!"

"రెండు నిమిషాలు. మళ్లీ నేనే కట్టేస్తాను."

"నువ్వు కడితే అది ఒట్టి దారం. పంతులు కడితే అది పూజ. ఆ మాత్రం తెలీదేటి? గ్రైండరోడి ఏలు మర్సిపోనావా?"

"మౌస్‌కి వేళ్లు తెగవు మావయ్యా."

"నవ్వు, నవ్వు. పూజకి రాకపోతే ఇలాగే ఉంటాది."

రాకపోతే అన్నారు. నన్ను రానివ్వని వాళ్లలో ఆయన ఒకరు. నేను ఏదో అనబోతుండగా జీఎమ్ సాబ్ జీపు దిగి లోపలికి వచ్చారు. తెర వంక చూశారు. "క్యా హువా? చూహా మర్ గయా క్యా?" అన్నారు, ఎలుక చచ్చిందా అని. గదిలో ఉన్నవాళ్లంతా నవ్వారు. జీఎమ్ సాబ్ నవ్వలేదు, చేతి గడియారం చూసుకున్నారు.

మావయ్య లేచి నిలబడి చెప్పారు. "సాబ్, లడకా ధాగా కాట్నా చాహతా హై."

కుర్రాడు దారం కోస్తానంటున్నాడు, అని. నేను విప్పుతానన్నాను. కోస్తాననలేదు. విప్పడానికీ కోయడానికీ ఎంత తేడా ఉందో ఆ గదిలో అందరికీ తెలుసు. మా నాన్న స్నేహితుడు, నన్ను అల్లుడూ అని పిలిచే మనిషి, అంతమంది ముందు ఆ మాట మార్చి చెప్పారు. నేను సర్దబోయాను. జీఎమ్ సాబ్ వినలేదు. దారానికి చెయ్యి తగలకూడదు, షిఫ్టు మారేలోపు కాంటా నడవాలి, అని రెండే మాటలు చెప్పి బయటికి నడిచారు. వెళ్తూ వెళ్తూ పాత సీడీ ఎక్కడుందో చూసి ఉంచమని మావయ్యకు చెప్పారు. మావయ్య వెంటనే సొరుగు లాగారు. సీడీ అప్పటికే పైనే పెట్టి ఉంది.

నేను మళ్లీ తెర ముందు కూర్చున్నాను. కిటికీ, హాజరు, రోజూ గొడవలు, నాన్న పక్కకి తిప్పుకునే మొహం, అన్నీ ఆ బాణం వెనకే నిలబడి ఉన్నట్టు అనిపించింది. మౌస్ మీద చెయ్యి వేయడం కూడా మానేసి ఊరికే దాన్ని చూస్తున్నాను.

అప్పుడు ఖాళీ లారీ ఒకటి బయట నుంచి వచ్చింది. లోపలికి పోయే దారి కాంటా మీదుగానే. ముందు వరస కదలక అది తూకం మీదే ఆగిపోయింది. పక్కనున్న డబ్బాలో ఎర్ర అంకెలు పరిగెత్తి పరిగెత్తి నిలబడ్డాయి.

తెర మీద బాణం ఎగిరి మూలకు పడింది.

నేను మౌస్ ముట్టుకోలేదు. చేతులు ఒడిలో ఉన్నాయి. కాసేపటికి సందు దొరికి లారీ ముందుకు కదిలింది, అంకెలు సున్నాకు వచ్చాయి. బాణం మూలలోనే ఉండిపోయింది. నేను కిటికీలోంచి తల పెట్టి, వెనక ఉన్న లారీని కాంటా మీదికి రమ్మని అరిచాను.

"ఏట్రా, దేనికి పిలుస్తున్నావు? సిట్టీ రాదుగా!" అన్నారు మావయ్య.

"రానీండి."

లారీ ఎక్కింది. అంకె నిలిచింది. బాణం మళ్లీ గెంతింది, ఈసారి కిందికి.

అర్థమైంది. మొదటి పోర్టులో ఉన్నది మౌస్ కాదు. తూకం వైరు. మౌస్ అనుకుని మెషిన్ వింటున్నది లారీల బరువు. మౌస్ రెండో పోర్టులో ఉండి, ఎవరూ వినని చోట మొత్తుకుంటోంది. ముందు వారం నేను చూసినప్పుడు అవి ఎక్కడివి అక్కడే ఉన్నాయి. మావయ్య కూడా బానే ఉందన్నారు. మధ్యలో జరిగింది పూజ ఒక్కటే. తుడవడానికి ఎవరో రెండూ పీకారు, అటుది ఇటూ ఇటుది అటూ పెట్టారు, దాని మీద దారం చుట్టించారు.

దారం విప్పాల్సిన పని లేదు. నేను యూనిక్స్ కోరుకున్నది అందుకే. ఏ వస్తువు ఎక్కడుందో దానికి మనం చెప్పొచ్చు. మళ్లీ మొదటి నుంచి నడిపి, మౌస్ ఎక్కడుందని అడిగినచోట రెండో పోర్టు అని చెప్పాను. బాణం వచ్చింది. మౌస్ మీద చెయ్యి వేయడానికి భయమేసింది. వేశాను. కదిలింది. నా చెయ్యి ఎటు పోతే అటు. తర్వాత నేను రాసిన తూకం ప్రోగ్రాంలో ఒక్క చోట, రెండు అని ఉన్నది ఒకటి చేశాను.

షిఫ్టు సైరన్ ఇంకా మోగలేదు. మొదటి స్లిప్పు ప్రింటరులోంచి బయటికొచ్చింది. ఆ పొద్దున కిటికీలో తల పెట్టిన డ్రైవరే అందుకున్నాడు. జీఎమ్ సాబ్ వచ్చి చూశారు. నేను నోరు తెరిచే లోపే మావయ్య అన్నారు, "దేఖా సాబ్? ధాగా నహీ టూటా, కామ్ హో గయా." దారం తెగలేదు, పని అయిపోయింది, అని. జీఎమ్ సాబ్ దారం ఉన్నవైపు తిరిగి చెయ్యి నుదుటికి తాకించుకున్నారు.

నేను చెప్పాను. హిందీలో, అందరికీ అర్థమయ్యేలా. వైర్లు మారాయి, నిన్న ఎవరో మార్చారు, అన్నాను. జీఎమ్ సాబ్ మావయ్య వంక చూశారు. మావయ్య నా వంక చూసి, జాలిగా, "పోనీలే సాబ్, కుర్రోడు. పోయినవారం తనే పెట్టుకున్నాడు, మర్సిపోయుంటాడు" అన్నారు, సగం హిందీలో సగం తెలుగులో. నడిచింది కదా, ఇంకెందుకు ఈ గొడవ, అన్నారు జీఎమ్ సాబ్.

అంతే. ఆ కథ ఫ్యాక్టరీలో అలాగే స్థిరపడింది. టైమ్ ఆఫీసు కుర్రాడు వైర్లు తప్పుగా పెట్టుకుని రోజంతా లారీలు ఆపేశాడు, విశ్వకర్మ బాబా కాపాడాడు. క్యాంటీన్‌లో నా వెనక చిన్నగా చూ చూ అని ఎలక కూత కూసేవారు. రెండో యూనిట్ మొదలైనప్పుడు కంప్యూటర్లు బయటి ఊరి మనుషుల చేతికి ఇచ్చారు. ఎందుకని అడిగితే, జాగ్రత్త ఉన్న మనిషి కావాలన్నారు. కాంటా కంప్యూటరు చూసుకోవడానికి మాత్రం పిలిచేవారు, మిగతా వేళల్లో కిటికీ వెనకే.

నేను ఒక ఏడాది ఆగాను. మళ్లీ పూజకు ఆ దారం విప్పుతారు కదా. విప్పినప్పుడు లోపల ఏ వైరు ఎందులో ఉందో అందరి ముందూ చూపించాలి. మొదటి పోర్టులో తూకం వైరు ఉంటుంది. అప్పుడు అడుగుదామనుకున్నాను. ఆ ఏడాది కార్లు చూసే పని నాకు చెబితే, చేయనని మొహం మీదే చెప్పాను. పొద్దున్నే, స్నానం చేసి, కాంటా గదికి వెళ్లాను.

అప్పటికే దారం లేదు. మెషిన్ తడిగుడ్డతో తుడిచి మెరుస్తోంది. వెనక రెండు ప్లగ్గులూ బిగించి ఉన్నాయి. మావయ్య అగరబత్తులు వెలిగిస్తున్నారు.

"మావయ్యా, దారం ఎవరు విప్పారు?"

"పొద్దున్నే ఇప్పేసినాం. కొత్తది కట్టాలి కదా."

"వైర్లు పీకారా?"

"ముందు దణ్ణం పెట్టుకోరా బావు. వైర్లంట వైర్లు."

దణ్ణం పెట్టుకున్నాను. కొత్త దారం చుడుతుంటే చూశాను. మర్నాడు కాంటా కంప్యూటరు వేస్తే బాణం కదల్లేదు.

నాకు కబురొచ్చింది. మళ్లీ నీ మౌస్, అని. నేను నింపాదిగా నడిచి వెళ్లాను. లారీ ఎక్కించమన్నాను, బాణం గెంతడం అందరికీ చూపించాను. కూర్చుని, దారం ముట్టుకోకుండా, మెషిన్ లోపలే మౌస్‌ని మళ్లీ మొదటి పోర్టుకు, తూకాన్ని రెండోదానికి మార్చాను. బాణం కదిలింది. అప్పుడు లేచి నిలబడి అడిగాను. "ఏడాదిగా ఈ వైర్లు నేను ముట్టుకోలేదు. ఆ దారం కింద చెయ్యి పెట్టలేదు. ఇవి ఒకసారి అటు మారి, ఇప్పుడు ఇటు మారాయి. రెండుసార్లూ పూజ రోజునే. ఎవరు మార్చారు?"

మావయ్య ప్రసాదం పళ్లెం నా ముందుకు జరిపారు. "లడ్డూ తీసుకో అల్లుడూ. బాగా సేసినావు."

నేను తీసుకోలేదు. ఆ తర్వాత కొన్నాళ్లకు ఆ ఉద్యోగం మానేసి, భన్‌పురిలో చిన్న చిన్న ఫ్యాక్టరీలకు కంప్యూటర్లు బాగుచేసుకుంటూ బతికాను. ఎక్కడికి వెళ్లినా ముందు మెషిన్ వెనక్కి వెళ్లి చూస్తాను. దారం ఉంటే దాన్ని ముట్టుకోకుండానే పని చేసే దారి నాకు తెలుసు. ఈ ఊళ్లో నాకు పేరొచ్చింది దానికే. కానీ ఆ ఫ్యాక్టరీ పాతవాళ్లు ఎవరు కనిపించినా ఇప్పటికీ ఎలక కూత కూసి నవ్వుతారు. మా నాన్న పోయేముందు కూడా, "ఆ వైర్లు జాగ్రత్తగా పెట్టుకునుంటే బాగుండేదిరా" అన్నారు. ఆయనకు ఆ మాట ఎవరు చెప్పారో నాకు తెలుసు.

మావయ్య రిటైరయ్యి ఇప్పుడు టాటీబంధ్ దగ్గర కొడుకు ఇంట్లో ఉంటున్నారు. ఆరోగ్యం బాగుంది. జ్ఞాపకం కూడా బాగుంది. ఈమధ్య ఒక పెళ్లిలో ఏ లారీ ఏ ఊరిదో వరసపెట్టి చెబుతుంటే నేను పక్కనే నిలబడి విన్నాను. కాబట్టి మర్చిపోయానని అనొద్దు.

మావయ్యా, మీరు కావాలని చేశారని నేను ఇక్కడ రాయడం లేదు. తుడవడానికి పీకి, ఏది ఎక్కడిదో చూసుకోకుండా పెట్టారనే అనుకుందాం. దానికి నేనేమీ అనను. కానీ ఆ రెండు వైర్లు పెట్టింది నేను కాదని మీకు తెలుసు. మీరు పెట్టారా? మీరు చూస్తుండగా ఇంకెవరైనా పెట్టారా? ఆదివారం మీ ఇంటికి వస్తున్నాను. టీ వద్దు, లడ్డూ వద్దు. మీ అబ్బాయి, కోడలు ఎదురుగా ఉండగా అడుగుతాను. ఈసారి చెప్పండి.